ఊపిరి నింపే చదువు

మాది ధర్మపురి, గోదావరి ఒడ్డు. స్కూబా సిలిండర్లలో వాయువులు కలపడం శిక్షణ తీసుకొని నేర్చుకుంటానంటే బాపు నవ్వాడు. "గాలి నింపుడు సుత చదువేనారా? మన గంగల మునిగేటోళ్లకు ఎవలు నేర్పిన్రు?"

నిజమే. కాని వాళ్లు తమ ఊపిరి తామే బిగబట్టి మునుగుతారు. సిలిండరు నింపేవాడు ఒడ్డునే ఉంటాడు; వాడి పొరపాటు నీళ్లలోని మనిషికి ముప్పు. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం. 32 శాతం మిశ్రమంతో 30 మీటర్లు దిగవచ్చు. అదే 50 శాతమైతే ఆ లోతున మూర్ఛ రావచ్చు. రంగూ వాసనా తేడా చెప్పవు. నూనె అంటిన గొట్టంలోకి ఒత్తిడితో ఆక్సిజన్ వదిలితే భగ్గుమనవచ్చు. అందుకే కొలవాలి, రాసిపెట్టాలి, మళ్లీ కొలవాలి.

అంతా విని బాపు అన్నాడు: "పరాయోని పానం గదరా, మంచిగ నేర్చుకో."