ఎర్ర నీళ్ల వాగు దగ్గర గాలి రెక్కలు

బాలలూ, మీలో ఎవరైనా పెద్దయ్యాక బెల్జియం దేశం వెళ్తే, తూర్పున ఉన్న ఆర్డెన్ కొండలు తప్పక చూడండి. అన్నీ దట్టమైన అడవులు. వాన ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు. అక్కడ స్పా అనే ఊరికి దగ్గరలో కార్ల పందేలు జరిగే బాట ఒకటున్నది. అది 1921 నుంచీ ఉన్నది. మొదట్లో అది ఊళ్లను కలిపే మామూలు రోడ్డే. ఇప్పుడు దాని చుట్టుకొలత 7 కిలోమీటర్లు.

ఆ బాటలో ముఖ్యంగా చూడవలసినది ఓ రూజ్ అనే వాగు. ఆ మాటకు ఎర్ర నీళ్లని అర్థం. నీటిలో ఉన్న ఇనుము వల్ల అడుగున రాళ్లు ఎర్రబారాయి. వాగు చూస్తే మన పిల్లకాలువంత! కాని కార్లు ఏటవాలుగా ఆ వాగు దాకా దూసుకువచ్చి, వంకర తిరుగుతూ ఎదుటి గట్టు ఎక్కిపోతాయి. దిగినప్పటి ఊపు ఎక్కడానికి సాయపడుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీనితో తరవాత పని ఉన్నది.

1968 జూన్‌లో ఇక్కడికి వచ్చిన ఫెరారీ, బ్రాభం కార్ల వెనక బల్లలాంటి రెక్కలు కనిపించాయి. ఫార్ములా వన్ పందేలలో అది కొత్త. న్యూజిలాండువాడైన క్రిస్ ఏమన్ రెక్క ఉన్న ఫెరారీ నడిపి, పందేనికి ముందు జరిగే పరీక్షలో మిగతా అందరికన్నా దాదాపు 4 సెకండ్లు తక్కువలో చుట్టు పూర్తిచేశాడు. పాపం, అసలు పందెంలో రాయి తగిలి రేడియేటరుకు చిల్లి పడింది! మరుసటి ఏడు బార్సిలోనాలో ఎత్తయిన సన్నని కాళ్ల మీద నిలిపిన రెక్కలు విరిగి, రెండు కార్లు ధ్వంసమయ్యాయి. అప్పటినుంచీ రెక్కలను కిందికి దించి, గట్టిగా బిగిస్తున్నారు.

విమానపు రెక్క విమానాన్ని పైకెత్తుతుంది గదా? పందెపు కారుకు అదే రెక్కను తలకిందులుగా పెడతారు. దాని అడుగున గాలి వేగంగా పోతుంది, అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. పైన ఒత్తిడి ఎక్కువ కనక, అది కారును నేలకు అదుముతుంది. అందుచేతనే కారు మలుపులో జారిపోదు.

అయితే ఇందులో ఒక చిక్కున్నది. మీ ఇంట్లో పంకా ఆగి ఉన్నప్పుడు దాని రెక్క చూడండి. రోజల్లా గిరగిరా తిరిగే రెక్కకు అంత దుమ్ము ఎలా అంటుకున్నది? రెక్కను తాకిన గాలి రెక్కను అంటిపెట్టుకునే ఉంటుంది, దుమ్మును ఊడ్చలేదు. రెక్కకు దూరమైనకొద్దీ గాలి జోరు పెరుగుతుంది. ఈ మందగించిన పలచని పొరనే సరిహద్దు పొర అంటారు. కారు రెక్క మీద దీని మందం కొద్ది మిల్లీమీటర్లే. దీని గుట్టు విప్పినవాడు లుడ్విగ్ ప్రాంటల్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు. చేతితో తిప్పే చక్రంతో తొట్టిలో నీళ్లు పారించి, అందులో అభ్రకం పొడి చల్లి, ప్రవాహం ఎటు తిరుగుతున్నదో చూశాడు. 1904లో హైడెల్‌బర్గ్‌లో గణిత పండితుల సభలో ఈ సంగతి చెప్పినప్పుడు ఆయనకు 29 ఏళ్లు!

ఇప్పుడు వాగు దగ్గరికి మళ్లీ వద్దాం. రెక్క అడుగున తక్కువ ఒత్తిడి చోటికి గాలి పరుగెత్తటం, కారు వాగులోకి దిగటం వంటిది. వెనక అంచుకు పోయేసరికి ఒత్తిడి మళ్లీ పెరుగుతుంది. అది గట్టెక్కటం వంటిది. రెక్కకు దూరంగా ఉన్న గాలికి ఊపు ఉన్నది, ఎక్కగలదు. సరిహద్దు పొర ఊపు మాత్రం రాపిడికే చాలావరకు ఖర్చయింది. అది మధ్యదారిలో ఆగి, వెనక్కి తిరిగి, పైనున్న గాలిని కూడా రెక్కనుంచి విడదీస్తుంది. అంతటితో రెక్క పట్టు చాలావరకు పోతుంది. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో మలుపు తిరిగేవాడికి అది ప్రాణం మీదికి వచ్చే సంగతి.

అందుకనే రెక్కను ఒకే పలకగా చేయరు. ముందొకటి, వెనకొకటి పెట్టి, మధ్య సన్నని సందు వదులుతారు. ముందు పలక మీద అలసిన పొర, సందు దగ్గరి జోరుగాలిలో పడి వెళ్లిపోతుంది. వెనక పలక మీద పొర కొత్తగా, పలచగా మొదలవుతుంది.

అసలు పందేనికి ముందు కార్లు సాధన చేసే రోజున మీరు అక్కడ ఉంటే, కొన్ని కార్ల రెక్కల మీద పచ్చరంగు పులిమి ఉండటం చూడవచ్చు. అది అల్లరిపిల్లల పని కాదు! తడి ఆరని రంగును రెక్కకు పూసి కారును బాట మీదికి పంపుతారు. గాలి అంటుకుని పోయినచోట రంగు సన్నని చారలుగా సాగుతుంది. పొర విడిపోయినచోట చారలు చెదిరి, రంగు ముద్దకడుతుంది. కారు తిరిగిరాగానే ఇంజనీర్లు దాని చుట్టూ చేరి, ఆ ముద్దలెక్కడున్నవో వంగి వంగి వెతుకుతారు.