అమ్మ నడక

మా డ్రామా టీమ్ ఈసారి డైలాగుల్లేని నాటకం వేస్తోంది. సెట్ లేదు, మేకప్ లేదు. 1960ల్లో పోలెండ్ దర్శకుడు గ్రోటోవ్‌స్కీ దీన్నే పూర్ థియేటర్ అన్నాడు: అన్నీ తీసేసినా నటుడూ ప్రేక్షకుడూ మిగిలితే చాలని. వినడానికి బాగానే ఉంది. చెయ్యాలంటే మోకాళ్లు కావాలి.

పొద్దున్నే ఐదున్నరకి భవానీపురం పున్నమి ఘాట్‌లో ప్రాక్టీస్. కూచిపూడి నేర్చుకున్న సీనియర్ అక్క మమ్మల్ని అరమండిలో నిలబెట్టింది. రెండో నిమిషానికే నా తొడలు వణికాయి. ఇన్నేళ్లూ బెంచీ మీదా, ల్యాప్‌టాప్ ముందూ కూర్చున్న ఒళ్లు మరి!

నాకు అమ్మ పాత్ర ఇచ్చారు. నడుం ఊపుకుంటూ నడిచా. అందరూ పడీపడీ నవ్వారు. అక్క నవ్వలేదు. "ఆడవాళ్లని వెక్కిరిస్తున్నావురా. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామని చూడు. తర్వాత మీ అమ్మని చూడు" అంది.

రాత్రి యూట్యూబ్‌లో చూశా. ఆయన మగవాడని కాసేపటికి మర్చిపోయా. జడా నగలూ సరే, అసలు భామ ఉన్నది ఆ మెడ తిప్పడంలో, ఆగి చూడడంలో. 1970లోనే పద్మశ్రీ ఇచ్చారట.

మర్నాడు అమ్మని చూశా. వాటర్ క్యాన్ ఎత్తేముందు గట్టు పట్టుకుంటోంది. బరువంతా ఎడమకాలి మీదే. కుడికాలు కొంచెం ఆలస్యంగా వస్తోంది.

ఘాట్‌లో అలాగే నడిచా. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఇంటికొచ్చి అడిగా, "మోకాలు నొప్పి ఎప్పట్నుంచమ్మా?"

"నువ్వు ఇంటర్ హాస్టల్లో ఉన్నప్పట్నుంచి. ఇంకో అట్టు వెయ్యనా?"

క్యాన్ నేనెత్తా.