జలాంతర్గామి రెక్కలు

పిల్లలూ! హైదరాబాదులో జూబిలీ హిల్స్ పక్కనే ఫిల్మ్ నగర్ వున్నది. అది రాళ్ళగుట్టల చోటు. సముద్రం అక్కడికి వందల కిలోమీటర్ల దూరం. అయినా మన తెలుగు సినిమావారు 2017లో సముద్రం అడుగున జరిగే కథ ఒకటి తీశారు. దాని పేరు "ఘాజీ", దర్శకుడు సంకల్ప్ రెడ్డి. 1971 డిసెంబరులో ఘాజీ అనే పాకిస్తాను జలాంతర్గామి విశాఖపట్నం దగ్గర మునిగిపోయింది. అందులోని వారెవరూ బతకలేదు. సినిమాలో కల్పన చాలా వున్నది. కాని జలాంతర్గామి నీటిలో కోరిన లోతుకు ఎలా పోతుందన్నది కల్పన కాదు, శాస్త్రం.

విశాఖ సముద్రతీరాన "కురుసుర" అనే నిజమైన జలాంతర్గామిని మీరు చూడవచ్చు. అది 1969లో మన నౌకాదళంలో చేరి, 2001 దాకా పనిచేసింది. 2002 నుంచి ప్రదర్శనశాల అయింది. దాని పొడవు 91 మీటర్లు. అందులో సుమారు 75 మంది వుండేవారు.

జలాంతర్గామికి పెద్ద తొట్లు వుంటాయి. వాటిలోకి సముద్రపు నీరు వదిలితే బరువెక్కి మునుగుతుంది. గాలితో ఆ నీటిని బయటికి తోసేస్తే తేలుతుంది. మరి నడిమధ్య లోతులో పైకీ కిందికీ పోయేదెట్లా? అందుకే చేపకున్నట్టు దానికీ రెక్కలున్నాయి. ముందొక జత, వెనకొక జత. ముందు రెక్కలను కిందికి వంచితే ఎదురువచ్చే నీరు ముక్కును కిందికి నొక్కుతుంది. వెనక రెక్కలు తోకను పైకెత్తుతాయి. ఓడ ఏటవాలుగా లోతుకు దిగుతుంది.

నీళ్ళతొట్టిలో అరచేతిని బల్లపరుపుగా వుంచి ముందుకు తొయ్యండి. వేళ్ళ కొసలు కిందికి వంచితే చెయ్యి దిగుతుంది, పైకెత్తితే లేస్తుంది. చెయ్యి ఆపేస్తే ఏ వంపూ పనిచెయ్యదు. జలాంతర్గామి రెక్కలూ అంతే. ఓడ కదులుతున్నంతసేపే వాటికి బలం.

ఇప్పుడొక లెక్క. కురుసుర పది డిగ్రీలు వంగితే ముక్కు తోకకన్న సుమారు 16 మీటర్లు కిందికి పోతుంది. ప్రతి 10 మీటర్ల లోతుకూ చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో ఒత్తిడి పెరుగుతుంది. అంత బరువైన ఓడ అనుకున్న క్షణాన ఆగదు గదా! కనుక కోరిన లోతు రాకముందే రెక్కలను సరిచెయ్యాలి. ఆలస్యమైతే ఓడ తట్టుకోలేని లోతుకు పోవచ్చు. రెక్కలు తిప్పే నావికుడు లోతుముల్లు మీదనుంచి చూపు తిప్పడు. ఓడలోని అందరి ప్రాణాలూ అతని చేతిలో వున్నాయన్నమాట.