మడతలో దాచిన చిరుగు

పాతపట్నంలో మేము దుప్పట్లు, తువ్వాళ్లు, చీరల వ్యాపారం చేస్తున్నాము. ఊరి పొలిమేర దాటితే ఒడిశాలోని పర్లాకిమిడి. ఇటు టెక్కలి, మెళియాపుట్టి, హిరమండలం, అటు మన్యంలోని సీతంపేట. సంత ఎక్కడ ఉంటే అక్కడికి మా వ్యాన్ వెళుతుంది. దూరపు సంతలకు వెళ్లినప్పుడు రాత్రి అందులోనే నిద్ర. అందుకని వెనుక భాగంలో తీసి పెట్టుకొనే చెక్క మంచం, రెండు లైట్లు, ఒక చిన్న ఫ్యాను, టీ కాచుకోవడానికి చిన్న గ్యాస్ పొయ్యి అమర్చుకున్నాము. కారవాన్ అనగానే నేటి పిల్లలకు సినిమా తారల బండి గుర్తుకు వస్తుంది. మా అత్తగారికి మాత్రం అది పూర్వపు వర్తకుల బిడారు. ఆమె మా వ్యాన్‌ను ముద్దుగా ‘మన బిడారు’ అంటారు.

నిరుడు వానకాలం ముగిసిన తర్వాత ఆ బిడారు మొరాయించసాగింది. తెల్లవారుజామున తాళం తిప్పితే ఇంజను అందుకునేది కాదు. బ్రేకు వేసినప్పుడు ముందు చక్రం వద్ద కీచుమనే శబ్దం. వారంటీ గడువు ఇంకా మిగిలి ఉంది కనుక శ్రీకాకుళంలోని డీలరు వద్దకు తీసుకువెళ్లాలని నిర్ణయించుకున్నాము.

బండిని బాగుకు ఇవ్వడమంటే తాళంచెవి చేతిలో పెట్టి రావడమే అనుకునేవాళ్లం. ఈసారి ముందు రోజంతా సన్నాహానికే కేటాయించాము. మొదట సరుకు మూటలన్నీ దించి ముందు గదిలో పేర్చాము. సరుకు బండిలోనే ఉంటే మెకానిక్ కింది భాగాలను చూడడం కష్టం, పోయిన వస్తువు గురించి తగాదా రావడం సులభం. గ్యాస్ సిలిండరును తప్పక తీసివేశాము. వంటగ్యాస్ గాలికంటే బరువైనది. కారితే పైకి పోకుండా బండి నేలమీదే పేరుకుంటుంది. వెల్డింగు నిప్పురవ్వలు ఎగిరే షెడ్డులోకి దానిని పంపడం ఇతరుల ప్రాణాలతో చెలగాటమే. సీటు కింద దాచిన చిల్లర డబ్బు, ఇంటి తాళాలు, బాకీల పుస్తకం బయటకు తీశాము. స్పేరు టైరు, జాకీ మాత్రం బండిలోనే ఉంచి, ఉన్నట్లు రాసుకున్నాము. చక్రాల లోపల పట్టిన బురదను నీళ్లతో కడిగాము.

ఆ తర్వాత ఒక కాగితంపై బండి జబ్బులు రాశాము. ‘స్టార్టు కావడం లేదు’ అని రాస్తే చాలదు. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకనా? రోజూనా, రాత్రి మజిలీ చేసిన మరునాడేనా? శబ్దం ఎడమ వైపా, కుడి వైపా? వైద్యుని ఎదుట రోగి చెప్పినంత వివరంగా రాశాము. రిజిస్ట్రేషన్ పత్రం, బీమా పత్రం, సర్వీసు పుస్తకం ఒక సంచిలో పెట్టాము. కిలోమీటర్ల అంకె, డీజిల్ ముల్లు, పాత గీతలు కనిపించేలా ఫోటోలు తీసుకున్నాము.

పాలిటెక్నిక్ చదువుతున్న మా పెద్దబ్బాయి అప్పుడు ఒక మాట అన్నాడు: “అబ్బా, ఈ లైట్లు, ఫ్యాను విప్పేద్దాం. బయట వైరింగు చేయించామని తెలిస్తే బ్యాటరీకి వారంటీ వర్తించదంటారు. విప్పేస్తే కొత్తది ఉచితంగా రావచ్చు.”

మావారు ఏమీ అనలేదు. నిజం చెప్పాలంటే మా మనసు కూడా అటే మొగ్గింది. కొత్త బ్యాటరీ అంటే మాకు రెండు మూడు సంతల మిగులు. స్క్రూడ్రైవరు తెమ్మని అబ్బాయికి చెప్పింది కూడా మేమే.

గుమ్మంలో కూర్చున్న అత్తగారు ఈ మాటలన్నీ విన్నారు. “దుప్పటి అమ్మేటప్పుడు చిరుగును లోపలికి మడిచి ఇస్తామా, బేటా?” అన్నారు నెమ్మదిగా.

ఆమెకు తెలియదు, మేము ఒకసారి అలా ఇచ్చాము. చాలా ఏళ్ల క్రితం సీతంపేట సంతలో మరకపడిన దుప్పటిని, మరక లోపలికి పోయేలా మడిచి ఒక సవర అవ్వకు అమ్మాము. మరుసటి వారం ఆమె దానిని ఉతికి, ఆరబెట్టి, తిరిగి తెచ్చింది. తిట్టలేదు. “మీరు చూసుకోలేదేమో” అని మాత్రమే అన్నది. డబ్బు తిరిగి ఇచ్చినా ఆ మాట మాత్రం మాలో నిలిచిపోయింది. స్క్రూడ్రైవరును తిరిగి పెట్టెలో వేయించి, జబ్బుల కాగితం చివర ‘అదనపు లైట్లు, ఫ్యాను బయట అమర్చుకున్నవి’ అని రాయించాము.

మరునాడు ఫజర్ నమాజ్ తర్వాత మావారు, అబ్బాయి బయలుదేరారు. టెక్కలి వద్ద జాతీయ రహదారి ఎక్కి శ్రీకాకుళం చేరుకున్నారు. అక్కడి సూపర్‌వైజరు కాగితం చదివి, మా వాళ్ల ఎదుటే వెనుక పలక విప్పించారు. లోపల వైరు నేరుగా బ్యాటరీ నుండి వచ్చింది. మధ్యలో ఫ్యూజు లేదు. ఇనుప అంచుకు రాసుకొని ఒకచోట పైతొడుగు అరిగి, రాగితీగ బయటపడింది. ఆ చోటు మంచానికి తలవైపు. అక్కడ మావారితో పాటు ఎన్నోసార్లు మా చిన్నవాడు పడుకున్నాడు. లైట్లు మాత్రం విప్పుకొని వెళ్లి ఉంటే, తిరిగి వచ్చాక వాటిని ఆ తీగకే తగిలించేవాళ్లం.

అనుకున్నట్లే బ్యాటరీకి వారంటీ వర్తించలేదు. స్టార్టు చేసే బ్యాటరీ కొద్ది క్షణాలు ఎక్కువ శక్తి ఇవ్వడానికి తయారైనది. ఇంజను ఆపి రాత్రంతా ఫ్యాను తిప్పితే పూర్తిగా ఖాళీ అవుతుంది. పదే పదే అలా జరిగితే పాడైపోతుంది. లైట్లకు, ఫ్యానుకు వేరే బ్యాటరీ, దాని దగ్గరే ఫ్యూజు ఉండాలని సూపర్‌వైజరు వివరించారు. పనుల వివరం, అంచనా ఖర్చు రాసిన కాగితాన్ని పూర్తిగా చదివాకే మావారు సంతకం చేశారు. మార్చిన పాత భాగాలను తిరిగి ఇమ్మని ముందే అడిగారు. బ్రేకు ప్యాడ్లు మా చేతికి వచ్చినప్పుడు అవి కాగితమంత పలుచగా ఉన్నాయి.

ఖర్చు మాకు భారమే అయింది. రెండు సంతలు పోయాయి, రంజాన్ సరుకు కోసం దాచిన డబ్బులో కొంత కరిగిపోయింది. అబ్బాయి మొదట చిన్నబుచ్చుకున్నాడు. కానీ అరిగిన ఆ వైరు ముక్కను వాడే అడిగి తెచ్చుకున్నాడు. ఇప్పుడది వాని పుస్తకాల బల్లపై ఉంది.

మీ ఇంటి బండి ఆటో కావచ్చు, మోటారు సైకిలు కావచ్చు. దానిని బాగుకు పంపే ముందు సామాను దించండి, పత్రాలు సర్దండి, జబ్బులు రాయండి. మీరు స్వయంగా చేయించుకున్న మార్పులను ఆ కాగితంలో మొదటి వరుసలోనే రాయండి. మేము చివరి వరుసలో రాశాము, అది కూడా అత్తగారి మాట విన్న తర్వాతే.