కోడేరు నుంచి కడలి దాకా

కోడేరులో సముద్రం ఊసెత్తితే నవ్వుతారు. నాగర్‌కర్నూల్ జిల్లాలోని ఈ ఊరివాళ్లు కంటినిండా నీళ్లు చూడాలంటే కొల్లాపూర్ దాటి సోమశిల రేవుకు పోవలసిందే. అక్కడ కృష్ణమ్మ పారదు. శ్రీశైలం ఆనకట్ట వెనుక నిండుగా నిలిచి ఉంటుంది.

మొన్న ఆ రేవులో పుట్టి ఎక్కాను. నడిమధ్యన పుట్టి నడిపే తాత తెడ్డు పైకి తీశాడు.

"ఇట్లా వదిలేస్తే ఎటు పోతాం తాతా?" అన్నాను.

"నీళ్లొక్కటే జూస్తె తెల్వది సారూ. గాలి గూడ జూడాలె" అన్నాడు.

సరిగ్గా ఆ మాట మీదనే హైదరాబాదులో ఒక పెద్ద సంస్థ లెక్కలు కడుతోందంటే నమ్ముతారా? 1999లో ఏర్పడిన ఆ జాతీయ సముద్ర సమాచార కేంద్రాన్ని ఇన్‌కాయిస్ అంటారు. అలల చప్పుడు వినబడని ప్రగతినగర్‌లో కూర్చుని సునామీ హెచ్చరికలు పంపేదీ, జాలరులకు చేపల జాడ చెప్పేదీ అదే. కడలిలో చమురు ఒలికితే ఎటు పోతుందో చెప్పేదీ అదే.

నీటిమీద తెట్టెకట్టిన చమురును ప్రవాహం తనతో లాగుకుపోతుంది. పైగా గాలి, తన వేగంలో నూటికి సుమారు మూడు వంతుల చొప్పున దాన్ని తోస్తుంది. కంప్యూటరు ఆ తెట్టెను వేల చుక్కలుగా భావించి, గంట గంటకూ ఒక్కొక్క చుక్కనూ జరిపి చూస్తుంది.

2017 జనవరి 28న ఎన్నూరు దగ్గర రెండు ఓడలు ఢీకొన్నాయి. ఒలికిన నూనె దక్షిణానికి జారి మద్రాసు మెరీనా తీరాన్ని కూడా తాకింది. దాన్ని జనం బకెట్లతో తోడవలసి వచ్చింది!

మనకూ ఆ బెంగ లేకపోలేదు. కోనసీమ ఎదుట రవ్వ చమురుబావులున్నాయి. కాకినాడకు ఆవల లోతు కడలిలో 2024 జనవరిలో మరో క్షేత్రం నుంచి చమురు తీయడం మొదలైంది. ఒకే చోట ఒలికినా మార్చిలో తీరప్రవాహం విశాఖ వైపు లాగవచ్చు, నవంబరులో కృష్ణా ముఖద్వారాల వైపు లాగవచ్చు. అందుకే ప్రమాదం రాకముందే, ఏళ్ల తరబడి గాలులనూ ప్రవాహాలనూ తీసుకుని కంప్యూటరులో వందలసార్లు ఉత్తుత్తి చమురు ఒలకబోస్తారు. నూటికి ఎన్నిసార్లు కోరింగ మడ అడవిని తాకింది? ఎన్ని గంటల్లో తాకింది? అది తెలిస్తే తేలే అడ్డుకట్టలు ఎక్కడ సిద్ధంగా ఉంచాలో తెలుస్తుంది. మడచెట్ల వేళ్లలోకి చేరిన చమురును తీయడం మహాకష్టం. రొయ్యపిల్లలూ, పీతలూ, జాలరి నోటికాడి కూడూ ఆ వేళ్లనే నమ్ముకుని ఉన్నాయి మరి.

ఇంతలో గాలి తిరిగింది. తాత తెడ్డు వేయకుండానే పుట్టి మెల్లగా రేవు వైపు సాగింది.

"జెప్పిన గద సారూ!" అన్నాడు.