దంపతుల యాట

వీడియోగేములు విద్యార్థుల బుద్ధిని మందగింపజేయునని తరగతిలో పలుమార్లు ఉపన్యసించినవారము మేము. అట్టి మేము నలువదియారేండ్ల వయస్సున మా గృహిణి ప్రక్కన కూర్చుండి, కంట్రోలరు చేతబట్టి, బొమ్మ వంటయింటిలో పళ్లెములు కడుగుచున్నామన్నచో చదువరులు నవ్వుదురు గాక. నవ్వుటకు తగినంత కారణము కలదు.

మా అమ్మాయి పైచదువునకు పోవుచు ఆటయంత్రమును ఇంట విడిచిపోయెను. భోజనానంతరము మా చేత నొక సెల్లు, ఆమె చేత నొక సెల్లు. నడుమ మాట లేదు. ఇరువురము కలిసి చేయు పని యొకటి యుండిన బాగుండునని ఆమెయే యనెను. ఒకరి నొకరు కాల్చుకొను ఆటలు మాకు వలదు. ఒకరు నడిపింపగా రెండవవారు వెంట తిరుగు ఆటలును పెక్కు గలవు. ఆ రెండవ స్థానము ఎవరికి దక్కునో చెప్పనక్కరలేదు. ఏ యొక్కరు లేకున్నను అడుగు సాగని ఆట కావలెను.

స్వీడను దేశపు హేజ్‌లైట్ సంస్థ 2021లో వెలువరించిన 'ఇట్ టేక్స్ టూ' అట్టిది. దానిని ఒంటరిగా ఆడుట సాధ్యమే కాదు. విడాకులకు సిద్ధపడిన దంపతులు బొమ్మలుగా మారుట కథ. ఒకచోట భర్త చెక్కగోడకు మేకు విసరవలెను. భార్య తన సుత్తిని దానికి తగిలించి ఊగి, ఆవలికి దుమకవలెను. విసరుట మా వంతు, అది సులభము. ఆమె పడిపోయిన ప్రతిసారి, 'ఇప్పుడు! ఇప్పుడు! అయ్యో, చెప్పిన మాట వినవేమి?' అని కేకలు వేసితిమి. ఏడవమారు ఆమె కంట్రోలరును బల్లపై బెట్టి, 'ఇది మీ బడి కాదు. నేను మీ ఎనిమిదవ తరగతి కాను' అనెను. మూడు దినములు యంత్రముపై గుడ్డ తొలగలేదు. స్త్రీపురుష సమానత్వమును గూర్చి వ్యాసములు వ్రాసిన చేయి మాది. ఆ సంగతి ఆ మూడు దినములలో మాకు పలుమార్లు జ్ఞప్తికి వచ్చెను.

నాలుగవనాడు ఆమెయే వేరొకదానిని ఎంచెను. అది 2016లో ఇంగ్లండునుండి వచ్చిన 'ఓవర్‌కుక్డ్'. మూడు ఉల్లిపాయలు తరిగి, కుండలో నుడికించి, సూపును పళ్లెమున బోసి గడువులోగా అందింపవలెను. ఏమరినచో కుండ అంటుకొని వంటయిల్లు మండును. ఇచట పెత్తనము ఆమెది. 'మీరు పళ్లేలు కడగండి' అనెను. ఇరువదిరెండేండ్ల కాపురమున మేము కడిగిన పళ్లెముల లెక్క చెప్పుట సిగ్గు. ఆటలో సైతము తొట్టియొద్ద తడబడితిమి; సూపు మాడెను; మంటలు లేచెను. ఆమె కసరలేదు. 'ముందు మంట ఆర్పండి, తర్వాత చూద్దాము' అని మెల్లగా ననెను. అంతకంటె కేకలు వేసినచో మాకు సుఖముగ నుండెడిది.

పిదప మేకుల ఆటను పాత్రలు మార్చుకొని మొదటినుండి ఆరంభించితిమి. సుత్తి మాకు వచ్చినది. పదునొకండు మార్లు పడితిమి. పండ్రెండవమారు ఆవలిగట్టు చేరగా, ఆమె చప్పట్లు కొట్టుటలో కంట్రోలరు జారి నేలబడెను. దిద్దవలసిన పరీక్షకాగితములు ఆ రాత్రియు అట్లే యుండిపోయినవి.