బల్లమీది కాచిగూడ స్టేషను

ఆరోగ్య విషయాలు రాసే చోట రైల్వే స్టేషను ఎందుకు వచ్చిందని మీరు అడగవచ్చు. ఉద్యోగ విరమణ తరువాత పొద్దు ఎలా గడపాలని అడిగే పాఠకులకు ఇన్నాళ్లూ నడక, తోటపని, ప్రాణాయామం అనే చెబుతూ వచ్చాను. అవి మంచివే. అయితే చేతికీ కంటికీ బుద్ధికీ ఒకేసారి పని కల్పించే వ్యాపకం ఒకటి ఉంది. మన దేశంలో దాని గురించి తెలిసినవారు తక్కువ. బొమ్మ రైళ్లు నడిచే బల్లమీద పాతకాలపు కట్టడాలను కొలత ప్రకారం చిన్నవిగా నిర్మించడమే ఆ పని. తయారుగా దొరికే భాగాలను కొని అతికించడం కాదు. అట్ట, ప్లాస్టిక్ షీటు, కర్రపుల్లలతో మొదటి గోడ నుంచి సొంతంగా కట్టుకోవడం. నేనూ, రైల్వేలో గార్డుగా పనిచేసి విరమించిన నా మిత్రుడూ మూడేళ్లుగా ఇదే పనిలో ఉన్నాము.

ఈ కళకు ఇంగ్లండులో గొప్ప సంప్రదాయం ఉంది. రాయ్ ఇంగ్లండ్ అనే యువకుడు 1925లో ఆస్ట్రేలియా నుంచి అక్కడికి వెళ్లాడు. గడ్డి కప్పుల పల్లె ఇళ్లు తన కళ్లముందే రూపు మారిపోతుంటే చూడలేక, వాటిని కొలిచి 1:76 నిష్పత్తిలో చేయడం ప్రారంభించాడు. 1954లో లాంగ్ విటెన్‌హామ్ గ్రామంలో ఆయన స్థాపించిన పెండన్ మ్యూజియం నేటికీ ఉంది. ఇళ్లలో చాలా వరకు చేసింది అట్టతోనే. 1995లో ఆయన మరణించిన తరువాత కూడా స్వచ్ఛంద కార్యకర్తలు ఆ పని కొనసాగిస్తున్నారు. ఆట అని తీసిపారేయలేము. అది ఒక రకమైన చరిత్ర రచన.

మేము కాచిగూడను ఎంచుకోవడానికి నా వృత్తి కూడా ఒక కారణం. 1916 నాటి ఆ స్టేషనుకూ, ఉస్మానియా ఆసుపత్రి పాత భవనానికీ రూపకల్పన చేసిన వాస్తుశిల్పి ఒక్కరే: విన్సెంట్ ఎష్. ఆసుపత్రి గుమ్మటాలను చూసిన కంటితో కాచిగూడ ముఖద్వారాన్ని చూడండి, బంధుత్వం తెలిసిపోతుంది. నడుమ పెద్ద గుమ్మటం, ఇరువైపులా చిన్న గుమ్మటాలు, సన్నని మినార్లు. ఉస్మానియా పాత భవనం శిథిలమై 2020లో ఖాళీ అయింది. కాచిగూడలో మాత్రం ఇంకా రైళ్లు ఆగుతున్నాయి.

లెక్క మొదట కొంచెం తికమక పెడుతుంది. మా నిష్పత్తి 1:87, అంటే అసలు అడుగు ఇక్కడ మూడున్నర మిల్లీమీటర్లు. ఏడడుగుల తలుపు ఇరవై నాలుగున్నర మిల్లీమీటర్లు. అయిదున్నర అడుగుల మనిషి పందొమ్మిది మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. మన బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య దూరం కూడా సరిగ్గా అయిదున్నర అడుగులే. కాని బజారులో దొరికే ఈ నిష్పత్తి పట్టాలు పదహారున్నర మిల్లీమీటర్లవి. అవి ఐరోపా కొలతకు చేసినవి. వాటిమీద మన బండిని నిలబెడితే బక్కచిక్కినట్టు కనబడుతుంది. కాచిగూడ ఒకప్పుడు మీటర్‌గేజ్ స్టేషను. మీటరును 87తో భాగిస్తే పదకొండున్నర మిల్లీమీటర్లు. పన్నెండు మిల్లీమీటర్ల పట్టాలు తెప్పించుకోవచ్చు. కనుక మా బల్లమీద కాలం మీటర్‌గేజ్ నాటిది. ఈ వాదన తేలడానికి మాకు రెండు నెలలు పట్టింది. మా ఇద్దరికీ ఆ రెండు నెలలూ ఎంతో బాగా గడిచాయి.

గోడలకు సన్‌బోర్డు, నగిషీలకు అర మిల్లీమీటరు ప్లాస్టిక్ షీటు, గుమ్మటాలకు వేర్వేరు సైజుల ప్లాస్టిక్ బంతుల సగాలు వాడాము. కమాను కోయడం అన్నిటికన్నా కష్టం. షీటును ఒక్క దెబ్బకు తెగకోయకూడదు; గీత గీసినట్టు రెండు మూడుసార్లు తేలికగా గీసి విరవాలి. మొద్దుబారిన బ్లేడుకు బలం ఎక్కువ పెట్టవలసి వస్తుంది, బలం పెట్టినప్పుడే చేయి తెగుతుంది. అందుకని బ్లేడు తరచు మార్చండి, కత్తి దారిలో రెండవ చేతి వేళ్లు ఉంచకండి. వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ వంటి మందులు వాడేవారికి చిన్న గాటు కూడా చాలాసేపు కారుతుంది. శుభ్రమైన గుడ్డతో పది పదిహేను నిమిషాలు, మధ్యలో తీసి చూడకుండా, గట్టిగా నొక్కి పట్టాలి. అప్పటికీ ఆగకపోతే ఆసుపత్రికి వెళ్లాలి. మధుమేహం వల్ల వేళ్లు తిమ్మిరెక్కేవారికి తెగిన సంగతి కూడా తెలియకపోవచ్చు. వారు కత్తెరతో తెగే చార్ట్ పేపరుతో మొదలుపెట్టడం మేలు.

క్షణాల్లో పట్టే జిగురు గురించి ఒక మాట. అది దూదికో నూలుగుడ్డకో ఎక్కువగా తగిలితే చర్మం కాలేంత వేడి పుడుతుంది. కారిన జిగురును దూదితో తుడవకండి. రెప్పలు అంటుకుంటే బలవంతంగా లాగకండి, ఏ ద్రావకమూ వేయకండి. గోరువెచ్చని నీటితో కడిగి కంటి వైద్యుని వద్దకు వెళ్లండి. ఉబ్బసం ఉన్నవారు ఈ జిగురునూ, ప్లాస్టిక్‌ను అతికించే ద్రావకాన్నీ తలుపులు మూసిన ఏసీ గదిలో వాడకూడదు.

కన్ను సంగతి మీకు తెలిసిందే. అరవై దాటిన కంటికి యువకుల కంటికన్నా ఎంతో ఎక్కువ వెలుతురు కావాలి. చత్వారం అద్దాలు సరిపోవడం లేదని చాలామంది అనుకుంటారు, చాలాసార్లు లోటు దీపానిదే. ఎడమ పక్క నుంచి పడే దీపం ఒకటి పెట్టుకోండి, ఎడమచేతి వాటమైతే కుడి పక్క. ఇరవై నిమిషాలకొకసారి తలెత్తి దూరం చూడండి. దీపం మార్చినా మసకగానే ఉంటే అది శుక్లమో మరొకటో, పరీక్ష చేయించుకోవాలి.

అసలు చెప్పదలచినది ఇప్పుడు. మా కొలతల నోటు పుస్తకం నా మిత్రుని చేతి వ్రాత. మొదటి పేజీల్లో ముత్యాల్లాంటి గుండ్రని అక్షరాలు. ఏడాది గడిచేసరికి ప్రతి పంక్తీ బాగానే మొదలై, చివరికి వచ్చేసరికి చీమలబారులా చిన్నదైపోతున్నది. కాగితం పొదుపు చేస్తున్నానని ఆయన నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఆ తరువాత గమనిస్తే, నడుస్తున్నప్పుడు కుడిచేయి ఊగడం లేదు. టీ వాసన తెలియడం లేదని ఎప్పుడో ఒకసారి ఆయనే అన్నారు. చేయి మాత్రం వణకడం లేదు. వణుకు లేదు కనుక ఏమీ లేదని ఆయన పట్టుబట్టారు. నరాల వైద్యుని వద్దకు వెళ్లడానికి ఒప్పించడం నాకు కమాను కోయడం కన్నా కష్టమయింది. ఆయనది పార్కిన్సన్ వ్యాధి.

పాఠకులు ఇక్కడ రెండు సంగతులు గుర్తించాలి. పార్కిన్సన్ వచ్చిన అందరికీ వణుకు ఉండదు. మందకొడితనం, బిగుసుకుపోవడం, వ్రాత చిన్నదవడం, వాసన తెలియకపోవడం, ఎడతెగని మలబద్ధకం, ఇవే ముందు కనబడవచ్చు. సాధారణంగా శరీరంలో ఒక పక్కనే మొదలవుతాయి. అలాగే వణికే ప్రతి చేయీ పార్కిన్సన్ కాదు. చేయి ఒడిలో ఉన్నప్పుడు నిశ్చలంగా ఉండి, గ్లాసు ఎత్తినప్పుడో బ్రష్ పట్టినప్పుడో వణికితే అది చాలావరకు వేరే రకం. అది కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుంది. థైరాయిడ్ ఎక్కువైనా, ఉబ్బసానికి వాడే సాల్బుటమాల్ వల్లా చేయి వణకవచ్చు. ఇంట్లో కూర్చుని తేల్చుకునే విషయం కాదిది.

ఈ వ్యాపకం ఆ వ్యాధిని తగ్గిస్తుందని నేను చెప్పను. మతిమరుపును ఆపుతుందని కూడా అనను. నా మిత్రుడు లెవోడోపా వాడుతున్నారు. మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న భోజనంతో కలిస్తే ఆ మందు సరిగా ఎక్కదు, అందుకని భోజనానికి అరగంట ముందు వేసుకుంటారు. మందు పనిచేసే గంటలు ఆయనకు ఇప్పుడు బాగా తెలుసు. కత్తి పని ఆ గంటల్లోనే. మిగిలిన సమయంలో రంగులు ఎంచుతారు, పాత ఫొటోల్లో కిటికీలు లెక్కపెడతారు, నేను తప్పుగా పెట్టిన సిగ్నలును చూసి రైల్వే భాషలో మందలిస్తారు. నోటు పుస్తకానికి గీతల కాగితం తెచ్చాము. రెండు గీతలనూ తాకేలా అక్షరం రాయమని ఫిజియోథెరపిస్టు చెప్పిన ఉపాయం అది, కొంత పనిచేస్తున్నది.

గుమ్మటాలు పూర్తయ్యాయి. మినార్లకు చీపురుపుల్ల మేలా, ఇత్తడి తీగ మేలా అన్న చర్చ ఇంకా తెగలేదు. ఇత్తడి తీగ అయితే టంకం వేయాలి, టంకంలో సీసం ఉంటుంది, చిన్నపిల్లలు తిరిగే ఇల్లు మాది. నేను చీపురుపుల్ల పక్షం.